గ్రోనింగెన్ గీసిన గీతలు

కార్లను కట్టడి చేస్తే వ్యాపారం చచ్చిపోతుందన్న భయం కొత్తది కాదు. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్‌లో దుకాణదారులు 1977లోనే ఆ మాటతో గట్టిగా ఎదురుతిరిగారు. ఆ ఏడాది సెప్టెంబరులో నగర పాలకులు ఊరి నడిబొడ్డును నాలుగు భాగాలు చేశారు. ఒక భాగం నుంచి పక్కదానిలోకి కారు నేరుగా పోకూడదు. బయటి రింగు రోడ్డెక్కి చుట్టి రావాలి. నడిచేవారికీ, సైకిళ్లకూ ఆ అడ్డు లేదు. యువనేత మాక్స్ వాన్ డెన్ బెర్గ్ పట్టుబట్టి సాధించిన ఈ పథకంలో నాకు నచ్చేది దాని నిజాయితీ. అది కారును నిషేధించలేదు, ఊరి మధ్యనుంచి అడ్డదారిన దూసుకుపోయే హక్కును మాత్రమే తీసేసింది. కొనడానికి వచ్చేవాడు కారులోనూ రావచ్చు. ఆగకుండా దాటిపోయే కారు వల్ల ఏ దుకాణానికి లాభం?

అది చిన్న ఊరు, చదునైన నేల, విద్యార్థులు ఎక్కువ, అక్కడ సాధ్యమైంది అంతటా కాదంటారు. ఇందులో కొంత నిజముంది. కానీ 1977కు ముందూ ఆ నేల చదునుగానే ఉంది, విశ్వవిద్యాలయం 1614 నుంచీ ఉంది. అయినా వీధులు కార్లతో నిండిపోయాయి. మారింది నేల కాదు, దారుల అమరిక. నేడు ఆ నగరంలో సగానికి పైగా ప్రయాణాలు సైకిల్ మీదే సాగుతున్నాయి.