దవడలో పర్దా

పన్ను ఊడితే పన్ను పెట్టించుకోవచ్చు. పన్ను కింది ఎముకే కరిగిపోతే? చిగుళ్ల జబ్బు, షుగర్, పాన్-జర్దా కలిసి మన బుజుర్గుల దవడలను ఇలాగే గుల్ల చేస్తున్నాయి. "ఇంప్లాంట్‌కు ఎముక చాలదు" అనే మాట కరీంనగర్, ఆదిలాబాద్ ఖాందాన్లకు కూడా ఇప్పుడు కొత్త కాదు.

సవాల్ మాత్రం పాతది. వెయ్యేళ్ల కింద అందలూస్‌లో అబుల్ ఖాసిం జహ్రావీ తన 'అత్తస్రీఫ్'లో కదిలే పళ్లను బంగారు తీగతో కట్టడం, పోయిన పంటి చోట ఎద్దు ఎముకతో చెక్కిన పన్ను అమర్చడం రాశారు. ఆ తిబ్బ్ వారసత్వమే యూనానీగా మన దాకా వచ్చింది. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీ దానికి నిషానీ. కానీ కరిగిన ఎముకను మళ్లీ పుట్టించే ఇల్మ్ ఆ జమానాలో ఎవరి దగ్గరా లేదు.

అసల్ చిక్కు ఏమిటంటే, గాయం మానేటప్పుడు చిగుళ్ల కణాలు తొందరగా పెరుగుతాయి, ఎముక కణాలు నిదానంగా పెరుగుతాయి. ఎముక వచ్చేలోగా ఖాళీ జాగాను చిగుళ్లు కబ్జా చేస్తాయి. మరి మధ్యలో పర్దా కడితే? 1982లో నైమన్, లిండే, కారింగ్‌ల బృందం ఒక రోగి పంటి వేరుకూ చిగుళ్లకూ మధ్య సన్నని ఫిల్టర్ పొర పెట్టి, వేరుకు పట్టు మళ్లీ వస్తుందని చూపించింది. 1988లో డాలిన్ బృందం ఎలుకల దవడకు రెండు వైపులా రంధ్రాలు చేసి, ఒక వైపే టెఫ్లాన్ పొర కప్పింది. ఆరు వారాల్లో పర్దా ఉన్న వైపు ఎముక నిండింది. లేని వైపు నిండలేదు.

టెఫ్లాన్ కరగదు, తీయడానికి మళ్లీ కోత పెట్టాలి. అందుకే తనంతట కరిగే కొలాజెన్ పొరలు వచ్చాయి. మరీ త్వరగా కరిగితే చిగుళ్లు చొరబడతాయి. మరీ మెత్తగా ఉంటే పొర కుంగిపోయి ఎముకకు జాగా మిగలదు. పర్దా పనితనమంతా ఈ రెంటి మధ్యే.

మన ఇళ్లలో ఫికర్ ఇక్కడే మొదలవుతుంది. కొలాజెన్ కొన్ని పొరల్లో పందిది, కొన్నింటిలో పశువుది. రూపం మారితే పాక్ అవుతుందా అన్న ఇస్తిహాలా మసలాపై ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. పశువు కొలాజెన్ అంటే పక్కింటి హిందూ సోదరుడికీ ఇదే ఫికర్. ఈ సంకోచంతో ఇలాజే వద్దనుకుని, ఏళ్లకేళ్లు మెత్తని ఖిచిడీతో సరిపెట్టుకోనవసరం లేదు. జంతువుతో పనిలేని సింథటిక్ పొరలున్నాయి, టైటానియం జాలీ ఉంది. మన రక్తం నుంచే తీసే పీఆర్ఎఫ్ పొర కూడా ఉంది. అది త్వరగా కరుగుతుంది కాబట్టి పెద్ద లోటుకు ఒక్కటే చాలకపోవచ్చు.

కుర్చీలో నోరు తెరిచాక అడగలేం. ముందురోజే అడగండి: "డాక్టర్ సాబ్, ఈ పొర దేనితో చేశారు? డబ్బా చూపిస్తారా?" అలా అడగడం మన హక్.