ఇంజను చప్పుడు - ఒక పాత ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం ఇవ్వమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. సర్వీసంతా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను కనుక నేను ఒక చప్పుడు చరిత్ర రాస్తాను. ఆ చప్పుడు మీద 1979లో నేనొక ఆఫీసు నోటు రాశాను. అది తప్పుడు నోటు.

మా ఆఫీసుకు ఒక పాత పెట్రోలు పికప్ బండి ఉండేది. అరకు ఘాటు ఎక్కేటప్పుడు బానెట్ కింద నుంచి, సీసాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు టకటకమని మోగేది. మెకానిక్కులు దీన్ని నాకింగ్ అంటారు, పింగింగ్ అని కూడా అంటారు. కిరసనాయిలు కలిసిన పెట్రోలు పోస్తే ఈ చప్పుడు వస్తుంది. అది నిజమే. దాంతో డ్రైవరు పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నాడని ఆఫీసంతా అనుకుంది. చార్జి మెమో చిత్తుప్రతి రాసింది నేనే. వయసులో నాకంటే పెద్దాయన. నా బల్ల దగ్గర నిలబడి, "పిల్లల మీద ఒట్టు బాబూ, నేను పొయ్యలేదు" అన్నారు. ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపేశారు. ఆ మాటకు అర్థం ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ చప్పుడు దోషం ఎవరి మీదో ఒకరి మీద పడడం మొదటినుంచీ ఉన్నదే. అమెరికాలో డేటన్ ఊరికి చెందిన చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు 1912 కాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు, బ్యాటరీ ఇగ్నిషను అమర్చాడు. ఆ ఇంజన్లలో నాకింగ్ వినిపించేసరికి తప్పంతా ఆయన ఇగ్నిషనుదే అన్నారు. ఆయన ఊరుకోలేదు. 1916లో తన దగ్గర చేరిన థామస్ మిడ్గ్లీ అనే యువకుడికి కారణం తేల్చమని అప్పగించాడు. స్పార్కు పడిన తరువాత మంట సిలిండరులో క్రమంగా పాకాలి. అది చేరకముందే మూలన మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటే వచ్చే చప్పుడే ఇది. స్పార్కు తొందరగా పడినా, ఇంజను వేడెక్కినా, పెట్రోలు నాసిగా ఉన్నా, లోపల మసి పేరుకున్నా ఇదే చప్పుడు. చెవికి అన్నీ ఒక్కటే.

ఇక్కడొక తమాషా. పెట్రోలు ఎర్రగా ఉంటే బాగా మండుతుందేమోనని వాళ్ళకు అనుమానం వచ్చింది. ఎర్ర రంగు దొరక్క అయోడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! తరువాత నిజం రంగులు కలిపి చూస్తే లాభం లేదు. పని చేసింది రంగు కాదు, అయోడిన్. అక్కడి నుంచి ఒక్కొక్క పదార్థమే పరీక్షిస్తూ పోయి, 1921 డిసెంబరు 9న టెట్రాఎథిల్ లెడ్ అనే సీసపు పదార్థం దగ్గర ఆగారు. 1923 ఫిబ్రవరిలో అది కలిపిన పెట్రోలు డేటన్‌లో అమ్మకానికి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు సీసపు విషంతో చనిపోయారు. ఆ నెలాఖరునే మిడ్గ్లీ విలేకరుల ముందు దానితో చేతులు కడుక్కుని, వాసన పీల్చి ప్రమాదం లేదని చూపించాడు. అంతకు ముందే ఆయన సీసం సోకి విశ్రాంతి తీసుకుని వచ్చినవాడు! ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని వాళ్ళకు అప్పటికే తెలుసు. అయినా సీసమే నిలిచింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. అందరికంటే చివరగా అల్జీరియా 2021లో ఆపింది. అప్పుడు పక్కన పెట్టిన ఆల్కహాలునే ఇప్పుడు మన బంకుల్లో ఇథనాల్ పేరుతో కలుపుతున్నారు.

ఇక రెండో సంగతి, గాలి వాల్వు. పిస్టను రింగుల పక్కనుంచి కొంత వాయువు ఇంజను అడుగున ఆయిలు ఉండే భాగంలోకి జారుతుంది. పాత బళ్ళలో అది ఒక గొట్టం గుండా తిన్నగా రోడ్డు మీదికి పోయేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక జీపుల్లో అలా వదలకుండా ఒక చిన్న వాల్వు ద్వారా మళ్ళీ ఇంజనులోకే పీల్పించారు. లాస్ ఏంజిలస్ నగరం మీద కమ్ముకునే కళ్ళు మండించే పొగమంచుకు బళ్ళ వాయువులూ, ఎండా కలిసి కారణమని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లో చూపించాడు. 1961 మోడళ్ళ నుంచి కాలిఫోర్నియా కార్లకు, 1963 మోడళ్ళ నుంచి అమెరికా అంతటా ఈ వాల్వు వచ్చింది.

వాల్వులో ఒక స్ప్రింగు, ఒక చిన్న ముల్లు, అంతే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ముల్లు దారి సన్నం చేస్తుంది, బరువు లాగేటప్పుడు వదులు చేస్తుంది. అది మూసుకుని బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర ఆయిలు కారుతుంది. తెరుచుకుని బిగిస్తే ఆయిలు ఆవిరి ఎడతెగకుండా సిలిండర్లలోకి పోతుంది. ఆయిలు కలిస్తే పెట్రోలు నాసి అయినట్టే. పైగా మసి కడుతుంది, నాకింగ్ వస్తుంది.

శిక్ష పడిన మరుసటి ఏడాది ఆ బండిని వైజాగులో ఒక ముసలి మేస్త్రీ చూశాడు. పెట్రోలు వాసన కూడా చూడలేదు. వాల్వు ఊడదీసి చెవి దగ్గర ఆడించాడు. మంచిదైతే లోపల ముల్లు గలగలమనాలి. ఇది మోగలేదు. గొట్టం నిండా ఆయిలు. హెడ్డు విప్పితే వేలి గోరుతో గీకితే రాలేంత మసి. మసి గీకి, వాల్వు మార్చాడు. ఘాటు మీద చప్పుడు పోయింది.

నన్ను బాధించింది ఇంకొకటి. బండి లాగ్ బుక్కులో ఇంజనాయిలు పద్దు అంతకు ముందు ఎనిమిది నెలలుగా పెరుగుతూ వచ్చింది. ఆ బిల్లులన్నీ మంజూరుకు పెట్టింది నేనే. కిరసనాయిలు పోసినంత మాత్రాన అంత ఆయిలు తరగదు. సాక్ష్యం నా బల్ల మీదే ఉండగా నేను చూడలేదు.

మేస్త్రీ రిపోర్టు జతచేసి, శిక్ష పునఃపరిశీలించాలని నోటు పెట్టాను. అప్పీలు గడువు దాటిందని రాసి ఫైలు తిప్పి పంపారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి పెట్టడానికి భయపడ్డాను. ఆయన ఆ తగ్గిన జీతం మీదే రిటైరయ్యారు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. భార్య గారు కుటుంబ పింఛను తీసుకుంటున్నారు. ఎన్ని పే రివిజన్లు వచ్చినా ఆ ఒక్క ఇంక్రిమెంటు తేడా వెంట వస్తూనే ఉంది. మన సంచిక ఆవిడ ఇంటికీ వెళుతుంది, కొడుకు చదివి వినిపిస్తాడు. అమ్మా, ఆ పెట్రోలులో కిరసనాయిలు లేదు. మెమో రాసింది నేను.