పిల్లల్లో, కౌమారుల్లో బైపోలార్ డిజార్డర్: పరిశోధన చరిత్ర

మేనియా అనే ఉద్రేక దశ, కుంగుబాటు దశ విడతలు విడతలుగా వచ్చిపోయే మానసిక వ్యాధి బైపోలార్ డిజార్డర్. ఎక్కువ మందిలో ఇది టీనేజి చివర్లోనో ఇరవైల్లోనో బయటపడుతుంది. అంతకంటే చిన్నపిల్లలకు వస్తుందా, వస్తే ఎలా పోల్చుకోవాలి అన్న విషయం మీద మానసిక వైద్యులు దశాబ్దాలుగా వాదించుకున్నారు. పిల్లలకు ఏ మందులు ఇవ్వాలో ఆ వాదనే నిర్ణయించింది.

జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపలిన్ లెక్క ప్రకారం, 900 మంది రోగుల్లో పదేళ్ల లోపు జబ్బు మొదలైనవారు 0.4 శాతమే. అప్పటిదాకా అచ్చయిన 60 మంది పిల్లల కేసులను 1960లో ఆంథొనీ, స్కాట్ కఠినమైన ప్రమాణాలతో మళ్లీ పరీక్షించి, వాటిలో మూడు మాత్రమే నిలుస్తాయని తేల్చారు. ఆ తర్వాత చాలాకాలం ఈ విషయాన్ని పెద్దగా ఎవరూ కదిలించలేదు.

1995లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన జానెట్ వొజ్నియాక్, జోసెఫ్ బీడర్‌మన్ బృందం ఈ చర్చను మలుపు తిప్పింది. తమ క్లినిక్‌కు వచ్చిన చిన్నపిల్లల్లో 16 శాతం మందికి మేనియా ఉందని, అయితే వారిలో ఎక్కువగా కనిపించేది ఉల్లాసం కాదని, తీవ్రమైన చిరాకు, విరుచుకుపడే కోపం అని ఆ బృందం రాసింది. సెయింట్ లూయిస్‌లోని బార్బరా గెల్లర్ దీనికి ఒప్పుకోలేదు. అతి ఉల్లాసమో, తనను తాను గొప్పగా ఊహించుకోవడమో లేనిదే మేనియా అనకూడదన్నది ఆమె పక్షం. ఆచరణలో మాత్రం మొదటి అభిప్రాయానిదే పైచేయి అయింది. అమెరికాలో యువతకు బైపోలార్ అని రాసిన డాక్టర్ సందర్శనలు 1994-95లో జనాభాలో లక్షకు 25 ఉండగా, 2002-03 నాటికి 1,003 అయ్యాయి. అయితే 12 అధ్యయనాల్లోని 16,222 మంది పిల్లల వివరాలను 2011లో కలిపి చూసినప్పుడు వ్యాధి రేటు 1.8 శాతంగా తేలింది. ఆ రేటులో అమెరికాకూ ఇతర దేశాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పెరిగింది జబ్బు కాదు, చీటీ మీద ఆ పేరు రాయడం అనుకోవడమే సబబు.

ఎడతెగని చిరాకు మేనియానా కాదా అన్న చిక్కుముడిని విప్పింది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలోని ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ బృందం. ఏడాది పొడవునా చిరాకుగా ఉండే పిల్లలను 2003లో వారు విడి వర్గంగా తీశారు. విడతలుగా మేనియా వచ్చే పిల్లలను మరో వర్గంగా ఉంచారు. ఒక ప్రయోగంలో పిల్లల తలకు మెదడు తరంగాలను కొలిచే ఈఈజీ తీగలు అమర్చి కంప్యూటర్ ఆట ఆడించారు. సరిగ్గా మీట నొక్కినా సరే, కొన్నిసార్లు 'చాలా ఆలస్యం చేశావు' అని చెప్పి గెలిచిన డబ్బు తీసేసేవారు. ఇరు వర్గాల పిల్లలూ ఉడుక్కున్నారు. కాని 2007లో ప్రచురించిన ఫలితాల్లో ఆ రెండు వర్గాల మెదడు తరంగాలు వేరువేరుగా ఉన్నాయి. అసలు తీర్పు 2010లో వచ్చింది. సుమారు రెండేళ్లు గమనించాక, బైపోలార్ ఉన్న 93 మందిలో 58 మందికి మేనియా లేదా దాని తేలిక రూపం మళ్లీ వచ్చింది. ఎప్పుడూ చిరాకుగా ఉండే 84 మందిలో ఒక్కరికే వచ్చింది. 2013లో వెలువడిన అమెరికన్ మానసిక రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 అలాంటి పిల్లల కోసం 'డిస్రప్టివ్ మూడ్ డిస్‌రెగ్యులేషన్ డిజార్డర్' అనే కొత్త రోగ నిర్ధారణను చేర్చింది.

భారతదేశంలో మొదటి నుంచీ కఠిన నిర్వచనానికే కట్టుబడి చేసిన పని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో జరిగింది. అక్కడ శోభా శ్రీనాథ్, వై.సి. జనార్దన్ రెడ్డి తదితరులు 30 మంది పిల్లలను నాలుగైదేళ్లు వెంబడించి 1998లో ఫలితాలు ప్రచురించారు. అందరూ మొదటి విడత నుంచి కోలుకున్నారు. 20 మందికి జబ్బు తిరగబెట్టింది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. 413 మందితో అమెరికాలో జరిగిన 'కోబీ' అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది: 81.5 శాతం కోలుకున్నారు, 62.5 శాతం మందికి తిరిగి వచ్చింది. కోలుకున్నాక కూడా జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువేనని ఈ రెండు అధ్యయనాలూ సూచిస్తున్నాయి.

తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉన్న పిల్లలను కెనడాలో ఆన్ డఫీ ఏళ్ల తరబడి పరిశీలించారు. వారిలో చాలామందికి బాల్యంలో నిద్ర సమస్యలు, ఆందోళన, కౌమారంలో కుంగుబాటు వచ్చి, ఆ తర్వాతే మేనియా కనిపించింది.

చికిత్స మీద పెద్ద పరీక్ష 2012 నాటి 'టీమ్' అధ్యయనం. 6 నుంచి 15 ఏళ్ల 279 మంది పిల్లల్లో ఎనిమిది వారాలకు రిస్పెరిడోన్ అనే మందు 68.5 శాతం మందికి, లిథియం 35.6 శాతానికి, డైవాల్‌ప్రొయెక్స్ 24 శాతానికి పనిచేశాయి. అయితే రిస్పెరిడోన్‌తో బరువు, ప్రొలాక్టిన్ హార్మోన్ ఎక్కువగా పెరిగాయి. లిథియం వాడేవారికి రక్తంలో దాని స్థాయి, థైరాయిడ్, కిడ్నీల పనితీరు క్రమంగా పరీక్షించాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది కాబట్టి మన ఎండాకాలంలో, వాంతులు విరేచనాలు అయినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మందులతో పాటు డేవిడ్ మిక్లోవిట్జ్ రూపొందించిన కుటుంబ కేంద్రిత చికిత్స కూడా కౌమారులకు ఉపకరించింది.

ఈ జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష గాని, స్కాన్ గాని ఇప్పటికీ లేదు. బిడ్డతోనూ తల్లిదండ్రులతోనూ విడివిడిగా మాట్లాడి, మూడు గంటలే నిద్రపోయినా అలసట లేకుండా తిరిగిన రోజులు ఉన్నాయా, అప్పుడు బిడ్డ ఎప్పటిలా కాక వేరే మనిషిలా అనిపించిందా అని అడిగి తెలుసుకోవడమే మార్గం. అనుమానం ఉన్నవారు 2022లో ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా సలహా పొందవచ్చు.