తొలుచువాండ్ర గుట్టలు

అది పుష్యమాసపు ఉదయము. మేడ్చలు దాటి తూర్పుగా శామీర్‌పేట వైపు కాలినడకన బయలుదేరితిమి. రెండు ఊళ్ల నడుమ దూరము సుమారు 10 కిలోమీటర్లు. రహదారి విడిచి చేలగట్ల వెంట, గుట్టల ప్రక్కగా నడచువారికి అది సగము దినపు ప్రయాణము. మంచు ఇంకను విడలేదు. మొదట గుట్టలు నల్లని నీడలవలె తోచినవి. సూర్యుడు పైకి వచ్చినకొలది ఆ నీడలకు రంగు వచ్చినది. ముందు బూడిదరంగు, పిమ్మట లేత గులాబి, తుదకు కాల్చిన ఇటుకవంటి ఎఱుపు. ఒక గుండుపై మఱియొక గుండు, దానిపై ఇంకొకటి, ఎవరో ఆటకై పేర్చి మఱచిపోయినట్లున్నవి. మాతో వచ్చిన చిన్నవాడు వాటిని చూచి, “వీటిని ఎవరు ఎత్తి పెట్టినారు?” అని అడిగెను.

ఎవరును ఎత్తి పెట్టలేదు. ఈ శిల గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడినది. హిమాలయములు పైకి లేవనారంభించి ఇంచుమించు 5 కోట్ల సంవత్సరములే అయినది. వికారాబాదు వైపున కనిపించు నల్లని లావారాతి వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు. వాటికి మన గుట్టలు ముత్తాతల వంటివి. ఫెల్డ్‌స్పార్ అను ఖనిజములో ఒక రకము ఈ రాతికి ఎఱుపుజీర నిచ్చుచున్నది.

పైనున్న పొరలు యుగయుగములుగా కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన శిల పగుళ్లు వాఱినది. నిలువు పగుళ్లు, అడ్డపు పగుళ్లు దానిని పెట్టెలవలె కోసినవి. పగుళ్లలోనికి దిగిన వాననీరు ఫెల్డ్‌స్పారును మట్టిగా మార్చినది. మూలలకు పలువైపులనుండి నీరు తగులును గనుక ముందుగా మూలలే అరగినవి, పెట్టె గుండైనది. మెత్తబడిన మట్టి వానలకు పోగా గుండ్లు ఉన్నచోటనే మిగిలినవి. కావున పైగుండు ఎక్కడినుండియో వచ్చి క్రిందిగుండుపై కూర్చున్నది కాదు. రెండును ఒకనాడు ఒకే రాయి; నడుమనున్నది కరగిపోగా విడివడినవి. చిన్నవానికి ఇట్లు చెప్పితిమి. వాడు నమ్మినట్లు లేదు గాని ఊరకొనెను.

ఈ ప్రాంతపు జనులు గుండ్లతోనే బ్రదికినారు. మేడ్చలు చేరువనున్న గుండ్లపోచంపల్లి, శామీర్‌పేటకు ఉత్తరమున నున్న బండమైలారము, ఈ పేర్లు వినగానే రాయి తలపునకు వచ్చును. మౌలాలి గుట్ట పరిసరములలో ఇనుపయుగపు జనుల సమాధులు బయల్పడినవి. ఆ గుట్టమీదనే కుతుబ్‌షాహీల కాలమున దర్గా వెలసినది. నున్నని బండలపై పడిన వాన ఇంకక పల్లమునకు జాఱును. ఆ పల్లమునకు అడ్డుగా కట్ట వేసినచో చెఱువగును. గుట్ట నీటినిచ్చినది, ఊరు దానిని నిలుపుకొన్నది. మధ్యాహ్నమునకు మేము చేరిన శామీర్‌పేట చెఱువు నిజాముల కాలమున కట్టినది. దాని గట్టున కూర్చుండి మేము తెచ్చుకొన్న జొన్నరొట్టెలు తింటిమి.

మఱునాడు కీసరగుట్టకు పోతిమి. అది శామీర్‌పేటకు ఆగ్నేయముగా కొద్ది దూరముననే కలదు. కొండపైన రామలింగేశ్వరుని ఆలయము, చుట్టును బయట వెలసిన అనేక శివలింగములు, శివరాత్రికి జరుగు జాతర, ఇవి అందఱును ఎఱిగినవే. ఇచట పురావస్తుశాఖ జరిపిన త్రవ్వకములలో విష్ణుకుండినుల నాటి కట్టడములు బయల్పడినవి. ఇచటనే ఒక బండపై చెక్కిన అక్షరములను పండితులు “తొలుచువాండ్రు” అని చదివినారు. లిపినిబట్టి అది సుమారు 5వ శతాబ్దమునాటిది. తెలంగాణమున దొరకిన అతిప్రాచీనమైన తెలుగు మాటలలో అది యొకటి.

తొలుచువాండ్రు అనగా రాతిని తొలిచెడి పనివారు. అది రాజు పేరు కాదు, బిరుదము కాదు, దానశాసనము కాదు. ఉలి పట్టిన చేతులు తమ వృత్తిని తామే వ్రాసికొన్న మాట వలె అది మాకు తోచినది. ఈ గడ్డమీద మన భాష మొదటగా పలికిన మాటలలో ఒకటి రాతిపనివారి పేరగుట మాకు ఎంతయో ముచ్చట గొలిపినది.

ఆ పనివారు రాతిని కోయలేదా? కోసినారు. బండపై మంట పెట్టి పొర లేపుట, వరుసగా రంధ్రములు తొలిచి ఇనుప మేకులు దిగగొట్టి చీల్చుట, ఇవి తరతరములుగా వచ్చిన పద్ధతులు. మన ఇండ్ల గడపలు, తిరుగలి రాళ్లు, బావుల ఒరలు వారి చలువయే. అయినను చేతిపనికి ఒక హద్దు కలదు. ఒక కుటుంబము జీవితమంతయు కొట్టినను గుట్ట గుట్టగానే మిగులును. నేడు మందుగుండు పెట్టి పేల్చి, క్రషర్లలో వేసి కంకర చేయుచున్నారు. 250 కోట్ల ఏండ్ల గుట్ట కొద్ది ఏండ్లలోనే చదునగుచున్నది. నగరము పెరిగి, బాహ్యవలయ రహదారి మేడ్చలును, శామీర్‌పేటను తాకుచు సాగిన పిమ్మట చదునునేలకు గిరాకి హెచ్చినది.

1990ల దశకమున హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంస్థ ఏర్పడి ఈ శిలల పక్షమున మాటలాడినది. జనులను గుట్టలలో నడిపించినది. కొన్ని శిలాస్థలములు వారసత్వపు పట్టికలో చేరినవి. పట్టికకెక్కని గుట్టకు ఆ రక్షయు లేదు. కంకర వలదని మేము అనజాలము. మేము నివసించు ఇల్లును కంకరతో కట్టినదే. ఏ గుట్టను కొట్టవలెను, దేనిని విడువవలెను అని ముందుగా ఆలోచింపుమనియే మా మనవి. చెట్టు నఱకినచో మఱియొకటి నాటవచ్చును. గుండును నాటువారు లేరు.

కీసరగుట్ట దిగునప్పుడు చిన్నవాడు ఒక బండపై చేయి వేసి, ఆ తొలుచువాండ్రు ఇంకను ఉన్నారా అని అడిగెను. ఉన్నారని చెప్పితిమి. వారు వ్రాసిన మాట పదిహేను వందల ఏండ్లు నిలిచినది. దానిని మోసిన బండ నిలిచినందుననే అది నిలిచినది.