సింహద్వారం: గడప నుంచి గడియ దాకా

ఊరు ఎంత పెద్దదో చెప్పాలంటే మన పెద్దవాళ్ళు గడపలు లెక్కపెట్టేవారు. "మాది రెండు వందల గడప ఉన్న ఊరు" అంటే చాలు, వినేవాళ్ళకు ఊరంతా కళ్ళకు కట్టేది. ఎన్ని గదులు, ఎంత మేడ అన్నది ఆ లెక్కలోకి రాదు. తలుపు కింద అడ్డంగా పడుకున్న ఒక్క కొయ్యే ఇల్లు మొత్తానికి బదులు నిలబడింది. తెలంగాణలో చాలాచోట్ల దాన్నే కడప అంటారు. రాయలసీమలో ఆ పేరుతో ఏకంగా ఒక నగరమే ఉంది. తిరుమల కొండకు వెళ్ళే దారిలో అది తొలి గడప కాబట్టి దేవుని కడప అయిందని అక్కడివాళ్ళు చెబుతారు.

ఇప్పుడు కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది వేరే ప్రశ్న: సింహద్వారానికి ఏ డిజైను పెట్టించాలి? నెమళ్ళా, గజలక్ష్మా, వినాయకుడా? అందంగా ఉండాలి, దొంగకు లొంగకూడదు, ఎండకూ వానకూ పాడవకూడదు. ఈ మూడు కోరికలూ న్యాయమైనవే. వాటి కోసం డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం తలుపు పుట్టుక తెలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

2010లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో ఒపెరా హౌస్ పక్కన భూగర్భ పార్కింగు కోసం తవ్వుతుంటే ఒక చెక్క తలుపు బయటపడింది. చెట్టు వలయాల లెక్క ప్రకారం అది క్రీస్తు పూర్వం 3063 నాటిది. ఎత్తు 153 సెంటీమీటర్లు, వెడల్పు 88. లోపలికి వెళ్ళాలంటే తల వంచుకోవాల్సిందే. సరస్సు ఒడ్డున, చలిగాలి కొట్టే చోట కట్టుకున్న గుడిసెకు అది తలుపు. పలకలు విడిపోకుండా వాటిని కలిపిన పద్ధతి చూసి పురావస్తు శాస్త్రవేత్తలే మెచ్చుకున్నారు. ఐదు వేల ఏళ్ళ కిందటి ఆ వడ్రంగికి ఉన్న సమస్యే నేటి వడ్రంగికీ ఉంది. చెక్క ఊరుకోదు. వానాకాలం తేమ తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి ముడుచుకుంటుంది. అదీ నిలువునా పెద్దగా మారదు, అడ్డంగా మారుతుంది. శ్రావణంలో బిగుసుకుపోయిన తలుపు మాఘంలో వదులవడం మనందరికీ అనుభవమే.

దీనికి మనుషులు కనిపెట్టిన మందు ఎంత గొప్పదంటే నేటికీ దాన్ని మించింది రాలేదు. తలుపంతా ఒకే పలకగా చెయ్యడం మానేసి, ముందు నాలుగు పక్కలా చట్రం కట్టారు. చట్రం లోపలి అంచుల్లో గాడి తీసి, పలచని పలకల్ని అందులో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టారు. పలక ఉబ్బితే గాడిలోకి జరుగుతుంది, ముడుచుకుంటే వెనక్కి వస్తుంది. చట్రం మాత్రం కదలదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పడిపోయిన పాంపే నగరంలో, బూడిదలో మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసిన తలుపుల అచ్చుల్లో కూడా ఈ పలకల పనే కనిపిస్తుంది. మన పాత ఇళ్ళ తలుపుల మీద చదరాలు చదరాలుగా కనిపించేదీ అదే. అలంకారమని మనం అనుకునే ఆ గీతలు వానకు చెప్పిన జవాబు. అందుకే ఆ చదరాల మధ్య సందుల్ని లప్పంతో పూడ్చి నున్నగా రంగు వేయించకండి. పలక కదలడానికి చోటు లేక చీలుతుంది.

మడతబందులు రాకముందు తలుపు ఎలా తిరిగేదన్నది మరో ముచ్చట. రెక్క పైనా కిందా ఒక అంచున మొనలు వదిలేవారు. పైమొన ద్వారబంధంలోని రంధ్రంలోకి, కిందిమొన గడపలో తొలిచిన గుంతలోకి దిగేది. ఈజిప్టులో, అస్సీరియాలో, మన గుళ్ళలో అందరిదీ ఇదే తీరు. పాత రాతి గుళ్ళలో వాకిలి దగ్గర కిందికి చూస్తే ఆ గుండ్రటి గుంతలు ఇప్పటికీ ఉంటాయి. ఇలాంటి తలుపును బయటి నుంచి మేకులు పీకి ఊడదీయడం కుదరదు. బరువంతా గడప మీదే పడుతుంది.

గడప చేసే పని అంతటితో ఆగదు. నాలుగు కమ్ముల ద్వారబంధంలో నిలువు కమ్ములు రెండింటినీ కిందనుంచి పట్టి ఉంచేది అదే. అది ఉంటే చట్రం ఎటూ ఒరిగిపోదు. వాన నీరు, చీమలు, తేళ్ళు దాని దగ్గర ఆగుతాయి. శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టే ఆడవాళ్ళు వారానికోసారి వంగి దాన్ని దగ్గరగా చూసేవారు. ఎక్కడ పుచ్చింది, ఎక్కడ చెదపురుగు మట్టి కట్టింది అన్నది ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో టైల్స్ కోసమని గడప తీసేస్తున్నారు. అప్పుడు నిలువు కమ్ముల అడుగులు నేరుగా నేల తేమలో నిలబడతాయి, పుచ్చడం అక్కడే మొదలవుతుంది. నా మట్టుకు నాకు ఇది నష్టమే. ఇంట్లో చక్రాల కుర్చీ తిరగాల్సిన అవసరం ఉంటే తప్ప సింహద్వారానికి గడప మానకూడదు.

సింహద్వారం అన్న మాట రాజుల కోటలది, గుళ్ళది. పూరీ జగన్నాథుడి గుడికి తూర్పు వాకిలి పేరు ఇప్పటికీ అదే, రెండు పక్కలా సింహాలుంటాయి. ఆ పేరు మామూలు ఇంటికి దిగివచ్చిందంటే జనం తమ వాకిలిని ఎంత గౌరవించారో చూడండి. కోస్తాలో ద్వారబంధం ఎత్తడం, తెలంగాణలో దర్వాజ ఎత్తడం, పేరేదైనా ముహూర్తం పెట్టి, గడప కింద నవధాన్యాలు వేసి చేసే పండగే.

ఇక కలప. మన దగ్గర సింహద్వారం అంటే టేకు. దాని చేవలో సహజంగా ఉండే నూనె, చెదను దూరం పెట్టే పదార్థాలు దాన్ని వానకూ పురుగుకూ లొంగనివ్వవు. ఓడలు కట్టేవాళ్ళు ముందుగా గుర్తించిన గుణం ఇది. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబంవాళ్ళు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్ట్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీద తేలుతోంది. ఓడలకోసం అడవులు నరికి నరికి కొరత వచ్చాకే 1840లలో మలబారు కలెక్టరు కానలీ నీలంబూరులో టేకు తోట వేయించాడు. మన కోస్తా జిల్లాలకు బర్మా టేకుతో దగ్గరి చుట్టరికం. కోరంగి, కాకినాడ రేవుల నుంచి వేలమంది కూలికోసం రంగూన్ వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. అటునుంచి కలప ఇటు వచ్చేది.

2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతిని ఆపేసింది. అందుకే ఇప్పుడు డిపోలో ఎవరైనా "అసలు బర్మా" అంటే కాస్త నిదానించండి. దుకాణాల్లో ఎక్కువగా వినిపించేవి బలార్షా, నాగ్‌పూర్, ఘనా టేకు. అయోధ్య రామాలయం తలుపుల్ని బలార్షా టేకుతో తయారుచేసింది హైదరాబాద్ బోయినపల్లిలోని కలప డిపోవాళ్ళే. ఆ పనితనం మన ముంగిట్లోనే ఉంది. అయితే ఏ ఊరి టేకైనా చేవకే విలువ. చుట్టూ ఉండే తెల్ల చెక్కను చెదలు మామూలు కర్రలాగే తింటాయి. తొందరగా పెంచి కొట్టిన చిన్న చెట్లలో ఈ తెల్ల చెక్క పాలు ఎక్కువ. పాలిష్ రంగు వేస్తే చేవకూ దానికీ తేడా తెలియదు. టేకు కొనే స్తోమత లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. పల్లెల్లో వేప, మద్ది, పనస తలుపులు తరాలు నిలిచాయి. ప్లైవుడ్ తలుపైతే నీటిని తట్టుకునే బీడబ్ల్యూపీ రకమేనా అని అడిగి, పలక మీద ఐఎస్ఐ ముద్ర చూసి తీసుకోండి.

రక్షణ విషయానికొస్తే గోల్కొండను తలుచుకోక తప్పదు. దాని తలుపులకు ఏనుగులు కుమ్మకుండా ఇనుప ముళ్ళు దిగ్గొట్టారు. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు ముట్టడించినా ఆ తలుపులు బద్దలు కాలేదు. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లోపలి నుంచి ద్వారం తెరిపించాడు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కథ ఆ రాత్రితో ముగిసింది.

తాళం కథ అంతకన్నా పాతది. ఈజిప్టు, అస్సీరియా వాళ్ళ చెక్క తాళంలో గడియకు రంధ్రాలుండేవి. పైనుంచి చిన్న చెక్క పుల్లలు ఆ రంధ్రాల్లోకి జారి గడియను కదలనిచ్చేవి కావు. పళ్ళున్న పెద్ద చెక్క తాళంచెవి పెట్టి పుల్లల్ని పైకెత్తితే గడియ జరిగేది. వేల ఏళ్ళ తర్వాత, 1860లలో అమెరికాలో లైనస్ యేల్ ఇదే సూత్రాన్ని చిన్న ఇత్తడి గొట్టంలోకి ఎక్కించి స్ప్రింగులు పెట్టాడు. మీ జేబులో ఉన్న పలచని తాళంచెవి దాని వారసురాలే. ఈ మధ్యలో లండన్‌లో బ్రామా అనే ఆయన తన తాళాన్ని తీసినవాళ్ళకు 200 గినీలిస్తానని దుకాణం కిటికీలో సవాలు పెట్టాడు. అరవై ఏళ్ళు ఎవరి వల్లా కాలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికన్ తాళాల పనివాడు పదహారు రోజులపాటు విడతలు విడతలుగా యాభై ఒక్క గంటలు కూర్చుని తీసేశాడు. మన దేశంలో 1897లో, వకీలు వృత్తి వదిలేసిన అర్దేషిర్ గోద్రెజ్, బొంబాయిలో దొంగతనాలు పెరిగాయన్న వార్త చూసి తాళాల తయారీ మొదలుపెట్టాడు. అలీగఢ్, దిండిగల్ తాళాల పేరు అందరికీ తెలిసిందే.

కానీ ఇంటి దొంగకు హాబ్స్ ఓపిక ఉండదు. తాళాన్ని వదిలేసి దాన్ని పట్టుకున్న కొయ్యను తంతాడు. గడియ దూరే చోట అరంగుళం మరమేకులతో బిగించిన రేకు ఊడిపోతే, ఎంత ఖరీదైన డిజిటల్ తాళమైనా తలుపుతోపాటే లోపలికి వస్తుంది. కాబట్టి ఆ రేకుకు ద్వారబంధం లోతుల్లోకి దిగే మూడంగుళాల మరమేకులు వేయించండి. ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టులు పక్కకు మూడు చొప్పున కాంక్రీటులో కూరుకుని ఉన్నాయో లేదో గిలాబా చెయ్యక ముందే చూడండి. బరువైన రెక్కకు మడతబందులు నాలుగు ఉండాలి. రాత్రిళ్ళు లోపల బేడెం పెట్టుకునే పాత అలవాటును తాళాన్ని నమ్మి మానకండి.

గాలి కూడా దొంగలాంటిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడితే లోపలికి దూరిన గాలి పైకప్పును కిందనుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్ళు అలాగే లేచిపోతాయి. 1992లో ఆండ్రూ తుపాను తర్వాత అమెరికాలోని ఫ్లోరిడా ఈ పాఠం నేర్చుకుని, తలుపులకూ కిటికీలకూ గట్టి పరీక్షలు పెట్టింది. అక్కడ సింహద్వారాలు చాలావరకు బయటికి తెరుచుకుంటాయి, గాలి తోసేకొద్దీ రెక్క చట్రానికే అదుముకుంటుంది. మన తలుపులు లోపలికి తెరుచుకుంటాయి కాబట్టి పైనా కిందా గడియలు, గట్టి గొళ్ళెం తీరప్రాంతంలో తప్పనిసరి. ఉప్పుగాలికి ఇనుప సామాను రెండేళ్ళలో తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో పెట్టించండి.

మండువా లోగిలిలో తలుపు ఒక్కటే ఇవన్నీ మొయ్యలేదు. ముందుకు చాచిన చూరు ఎండను ఆపేది, అరుగు వాన జల్లును ఆపేది, అరుగు మీద పడుకున్న తాతయ్య దొంగను ఆపేవాడు. అవన్నీ తీసేసి ఇప్పుడు మనం ఒక్క రెక్కనే అన్నీ చెయ్యమంటున్నాం. పడమటి ఎండ నేరుగా కొట్టే వాకిలికి రెండు మూడు అడుగుల సన్‌షేడ్ పోయించడం పాలిష్‌కన్నా పెద్ద రక్ష. పాలిష్ కూడా బయటి ముఖానికి పీయూ రకమే వాడాలి, మెలమైన్ లోపలి గదుల తలుపులకు చాలు. చెక్కడం మీద మోజుంటే ఈ ఖర్చులన్నీ పోగా మిగిలిన డబ్బుతో చేయించుకోండి. నెమళ్ళకు తొందరేం లేదు.

ద్వారబంధం ఎత్తే రోజు పంతులుగారు గడియలు లెక్కపెట్టి ముహూర్తం చెబుతారు. మీరు దానికి నాలుగు రోజుల ముందే వడ్రంగి దగ్గరికి వెళ్ళి, రంగు తగలని ఆ నాలుగు కమ్ముల్నీ వెలుతురులోకి తెప్పించి, చేవ ఎంతుందో తెల్ల చెక్క ఎంతుందో తిప్పి తిప్పి చూసుకోండి. గడప కమ్మిని అందరికంటే ముందు చూడండి.