ముక్కు దారిన వచ్చే యవ్వనం

చుంచెలుక కడుపులో పిండానికి అది పదకొండో రోజు. మెదడు ఇంకా నీళ్ళు నిండిన సన్నటి గొట్టంగానే ఉంది. ముక్కు ఉండాల్సిన చోట రెండు చిన్న గుంటలు పడ్డాయి, అంతే. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో మార్లీన్ ష్వాంజెల్-ఫుకుడా, డొనాల్డ్ ఫాఫ్ ఇలాంటి పిండాల తలలను పలచటి పొరలుగా కోసి, గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి వెతుకుతున్నారు. పొరలకు పట్టించిన రంగు ఒకే ఒక్క హార్మోను ఉన్న కణాలకే అంటుకుంటుంది. వాళ్ళకు కావలసినవి హైపోథాలమస్ అనే మెదడు భాగంలో ఉండే కణాలు. కానీ పదకొండో రోజు పిండంలో అవి మెదడులో ఎక్కడా లేవు. రంగు పట్టిన కణాలు ముక్కు గుంట లోపలి గోడలో కనిపించాయి.

ఆ హార్మోను పేరు జీఎన్‌ఆర్‌హెచ్. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1971లో దాని నిర్మాణం తేల్చడానికి ఆండ్రూ షాలీ బృందం పంది మెదళ్ళను, రోజే గీమ్యాఁ బృందం గొర్రె మెదళ్ళను లక్షల్లో సేకరించాల్సి వచ్చింది. 1977లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. హైపోథాలమస్ నుంచి ఈ హార్మోను విడుదలైతే పిట్యూటరీ గ్రంథి మేల్కొంటుంది. పిట్యూటరీ మేల్కొంటే వృషణాలు, అండాశయాలు పని మొదలుపెడతాయి. అబ్బాయికి మీసం మొలిచినా, గొంతు మారినా, అమ్మాయి పెద్దమనిషి అయినా, ఆ పైన పిల్లలు కలిగినా, అన్నిటికీ మొదటి ఆజ్ఞ ఇదే. ఇంత పెద్ద పని చేసే కణాలు చుంచెలుక మెదడు మొత్తంలో సుమారు 800 మాత్రమే.

హైపోథాలమస్‌లోని మిగతా కణాలు చాలావరకు అక్కడికక్కడే పుడతాయి. మెదడు నడిమధ్య ఉండే మూడో కుహరం గోడలో తల్లికణాలు విభజన చెందుతాయి. పిల్లకణాలు గోడ వదిలి బయటికి జరుగుతూ తమ స్థానాలు వెతుక్కుంటాయి. ఏ కణం ఏమవుతుందో తేల్చేవి రెండు: అది పుట్టిన చోటు, పుట్టిన సమయం. అడుగు భాగం నుంచి వచ్చే సోనిక్ హెడ్జ్‌హాగ్ వంటి రసాయన సంకేతాలు ఒక్కో చోట ఒక్కో మోతాదులో అందుతాయి. వాటిని బట్టి కణం లోపల కొన్ని జన్యువులు మేల్కొంటాయి, కొన్ని మూతబడతాయి. ఆర్థోపీడియా అనే జన్యువు పనిచేయని చుంచెలుకల్లో ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ తయారుచేసే కణాలే ఏర్పడవు. ఆ పిల్లలు పుట్టిన కొద్దికాలానికే చనిపోతాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో లోరీ జెల్ట్‌సర్ బృందం 2010లో ఇంకో సంగతి బయటపెట్టింది. కడుపు నిండిందని చెప్పే కణాలు, ఆకలేస్తోందని చెప్పే కణాలు ఒకదానికొకటి పూర్తి విరోధులు. అయినా ఆకలి కణాల్లో దాదాపు నాలుగోవంతు, కడుపు నిండిందని చెప్పే కణాలతో ఒకే తల్లి కడుపున పుట్టినవేనట. నాకు ఇది చదివినప్పుడల్లా ఆశ్చర్యం కొత్తగానే ఉంటుంది.

కానీ యవ్వనాన్ని తెచ్చే కణాలు ఈ పద్ధతిలో పుట్టవు. ష్వాంజెల్-ఫుకుడాకు దీని మీద అనుమానం ముందు నుంచే ఉంది. 1980లో ఆన్ జుడిత్ సిల్వర్‌మన్‌తో కలిసి గినీ పందుల మీద పనిచేస్తున్నప్పుడు, ముక్కు నుంచి మెదడుకు వెళ్ళే సన్నటి నాడి వెంబడి ఆమెకు ఇవే కణాలు కనిపించాయి. హైపోథాలమస్ కణాలకు ముక్కు దగ్గర ఏం పని? ఆ ప్రశ్నను ఆమె వదిలిపెట్టలేదు. ఇలాంటి చిన్న అనుమానాన్ని ఏళ్ళ తరబడి పట్టుకుని ఉండడమే పరిశోధనలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా నమ్మకం.

పిండాలను రోజుల వారీగా వరసలో పెట్టి చూస్తే ఆ ప్రయాణం కళ్ళకు కట్టింది. పదకొండో రోజు ముక్కు గుంటలో ఉన్నాయి. పన్నెండు, పదమూడో రోజుల్లో ముక్కు నడిమి గోడ మీదుగా, నాడుల పోగులను పట్టుకుని, గుంపులు గుంపులుగా పైకి పాకుతున్నాయి. పద్నాలుగు నుంచి పదహారో రోజుకల్లా మెదడులోకి దిగి, హైపోథాలమస్ ముందు భాగంలో స్థిరపడ్డాయి. 1989లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. అదే ఏడాది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో సూసన్ రే బృందం కూడా విడిగా ఇదే సంగతి ప్రకటించింది.

ఈ కథకు 133 ఏళ్ళ ముందటి మొదలు ఒకటి ఉంది. 1856లో స్పెయిన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఔరేలియానో మాయిస్త్రే దె సాన్ హువాన్ ఒక మగమనిషి శవాన్ని కోసి పరీక్షించారు. మెదడు అడుగున వాసన నాడులు లేవు. జననాంగాలు పెద్దవాడి మాదిరిగా ఎదగలేదు. రెండు లోపాలనూ ఆయన పక్కపక్కనే రాసిపెట్టారు. 1944లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ కాల్మన్ మూడు కుటుంబాలను పరిశీలించి, వాసన తెలియకపోవడమూ ఈడేరకపోవడమూ వంశంలో కలిసే దిగుతున్నాయని చూపించారు. వ్యాధికి ఆయన పేరే నిలిచింది. ముక్కుకూ వృషణాలకూ సంబంధం ఏమిటో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. పదహారేళ్ళు దాటినా గొంతు మారని కుర్రాడిని ఇంట్లోవాళ్ళు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. వాసన తెలియదన్న మాట ఆ గదిలో ఎవరూ ఎత్తరు. పుట్టినప్పటి నుంచీ తెలియని వాసన పోయిందని ఆ పిల్లవాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

1989లోనే ష్వాంజెల్-ఫుకుడా, ఫాఫ్, జన్యువైద్యుడు డేవిడ్ బిక్ కలిసి రాసిన మరో పత్రం ఈ చిక్కుముడిని విప్పింది. వాళ్ళ ముందు ఉన్నది పందొమ్మిది వారాల మానవ పిండం. దాని ఎక్స్ క్రోమోజోములో, లోపిస్తే కాల్మన్ వ్యాధి వచ్చే భాగం లేదు. ఏ ఇంటి బిడ్డో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. కానీ ఆ పిండం నేర్పినదాన్ని వైద్యశాస్త్రం ఎంతో గౌరవంతో గుర్తుపెట్టుకోవాలి. ఆ వయసుకు జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు హైపోథాలమస్‌కు చేరి ఉండాలి. ఈ పిండం మెదడులో అవి ఒక్కటి కూడా కనిపించలేదు.

అలాగని అవి పుట్టకుండా పోలేదు. ముక్కులో మామూలుగానే పుట్టాయి, మామూలుగానే బయలుదేరాయి. ముక్కుకూ మెదడుకూ నడుమ చిల్లులున్న జల్లెడ లాంటి ఎముక ఒకటి ఉంటుంది. దాన్నీ దాటాయి. ఆ పైన, మెదడు పొరల దగ్గర, వాసన నాడుల పోగులు చిక్కుపడి ఆగిపోయిన చోటే ఈ కణాలు కూడా కుప్పపడి ఉన్నాయి. మెదడులోకి దారి అక్కడితో తెగిపోయింది.

వాసన నాడులే ఈ కణాలకు దారి. నాడులు మెదడును చేరకపోతే మనిషికి వాసన తెలియదు, వాటిని పట్టుకుని రావాల్సిన కణాలూ రావు. శవపరీక్షలో పక్కపక్కన రాసిపెట్టిన ఆ రెండు లోపాలకూ మూలం ఒక్కటే. అంతవరకు వైద్యులు పని చేయని అవయవాన్ని చూశారు, ఆజ్ఞ ఇవ్వాల్సిన మెదడును చూశారు. ఆ ఆజ్ఞ మోసుకొచ్చే కణాలు మెదడులో పుట్టినవి కావన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

1991లో ఆంద్రేయా బల్లాబియో బృందం, పారిస్‌లో క్రిస్టీన్ పెటీ బృందం విడివిడిగా ఆ లోపించిన జన్యువును పట్టుకున్నాయి. దానికి కాల్-1 అని పేరు పెట్టారు. చుంచెలుకల్లో ఈ జన్యువు కనబడదు. కణాల ప్రయాణాన్ని చూపించింది చుంచెలుకే అయినా, ఆ ప్రయాణం ఎందుకు ఆగుతుందో చెప్పడానికి మానవ పిండమే కావలసి వచ్చింది. ఆ తరువాత ఈ వ్యాధితో ముడిపడిన జన్యువులు ఇంకా ఎన్నో బయటపడ్డాయి.

చికిత్సకు కావలసిన కీలకం అంతకు ముందే దొరికింది. పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1978లో కోతుల మీద చేసిన ప్రయోగం అది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఆగకుండా ఎక్కిస్తే పిట్యూటరీ మొరాయిస్తుంది, గంటకోసారి చిన్న మోతాదులో ఇస్తే పనిచేస్తుంది. బోస్టన్‌లో ఆండ్రూ హాఫ్‌మన్, విలియం క్రౌలీ 1982లో ఇదే పద్ధతిలో, రెండు గంటలకోసారి మందు వదిలే చిన్న పంపుతో, వయసు వచ్చినా ఈడేరని మగవారికి యవ్వనం తెప్పించారు. మెదడుకు చేరని కణాల పనిని నడుముకు కట్టుకున్న యంత్రం చేసింది.

ఫిన్లాండ్ లెక్కల ప్రకారం సుమారు 30,000 మంది మగపిల్లల్లో ఒకరికి కాల్మన్ వ్యాధి ఉంటుంది, ఆడపిల్లల్లో ఇంకా అరుదు. టెస్టోస్టిరోన్‌తో మీసం వస్తుంది, గొంతు మారుతుంది. పిల్లలు కావాలంటే పంపు గానీ, పిట్యూటరీ హార్మోన్ల ఇంజెక్షన్లు గానీ వాడాలి. చాలామందికి ఫలితం ఉంటుంది. అందుకే వాసన తెలుస్తోందా అని ఈడేరని పిల్లలను అడగడం ఇంత ముఖ్యం. 2007లో క్రౌలీ బృందం మరో విశేషం ప్రకటించింది. జీఎన్‌ఆర్‌హెచ్ లోపానికి చికిత్స తీసుకున్న మగవారిలో సుమారు పదిమందికి ఒకరికి, మందు ఆపేసిన తరువాత కూడా సొంత హార్మోన్లు పనిచేస్తూనే ఉన్నాయి. వారిలో పుట్టుకతో వాసన తెలియనివారు కూడా ఉన్నారు.