ఘాటి సంత నుంచి సైన్సు కాంగ్రెస్ దాకా

ధర్మవరం నుంచి బెంగళూరు వెళ్ళే రైలుమార్గంలో హిందూపురం, గౌరీబిదనూరు దాటాక దొడ్డబళ్ళాపురం వస్తుంది. పట్టు మగ్గాల ఊరు. నేతగాళ్ళ వీధుల్లో కన్నడంతోపాటు తెలుగూ వినిపిస్తుంది. ఈ తాలూకాలోనే ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రం ఉంది. ఏటా చలికాలంలో అక్కడ పెద్ద పశువుల సంత జరుగుతుంది. హళ్ళికార్ ఎడ్ల కోసం సరిహద్దు ఇవతలి నుంచి మన రైతులూ వెళతారు. పళ్ళు చూసి వయసు కడతారు, సుళ్ళు చూసి గుణం తేలుస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. కొనేవాడు ఏమడిగినా అమ్మేవాడు అక్కడికక్కడే చెప్పి తీరాలి. అధ్యక్షుడు లేడు, తీర్మానం లేదు. అయినా పని తెలిసినవాళ్ళు తమలో తాము పరీక్షించుకునే సభగానే నేను దాన్ని లెక్కిస్తాను.

ఇవాళ బెంగళూరులో రోజూ ఏదో ఒక సదస్సు, సెమినార్, సింపోజియం, వర్క్‌షాప్ జరుగుతూనే ఉంటాయి. సదస్సులో అనేక విషయాల మీద అనేక గదుల్లో పత్రాలు చదువుతారు. సింపోజియంలో ఒకే విషయాన్ని నలుగురు నాలుగు వైపుల నుంచి తడుముతారు. సెమినార్‌లో పదిమంది కూర్చుని ఒక పత్రాన్ని విప్పి చూస్తారు. వర్క్‌షాప్‌లో చెయ్యి కదలాలి. జకార్డ్ మీద కొత్త డిజైన్ ఎక్కించడం నేర్పేచోట కుర్చీల కంటే మగ్గం ముఖ్యం. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది ఒకటుంది. లేచి ప్రశ్న అడిగినవాడికి జవాబు ఎవరు బాకీ? ఒక సభకూ ఇంకో సభకూ అసలు తేడా అక్కడే తెలుస్తుంది. పాత మైసూరు సంస్థానం చరిత్ర చదివితే ఇది కళ్ళకు కడుతుంది.

1881లో బ్రిటిష్‌వాళ్ళు సంస్థానాన్ని ఒడయార్లకు తిరిగి అప్పగించారు. ఆ ఏడాదే దివాన్ రంగాచార్లు ప్రజాప్రతినిధి సభ ఏర్పాటు చేశారు. అక్టోబరు 7న మైసూరులో మొదటి సమావేశం జరిగింది. సభ్యులు 144 మంది. తాలూకాల నుంచి వచ్చిన భూస్వాములు, వర్తకులు. దసరా వేడుకల రోజుల్లోనే సభ పెట్టేవారు. దివాన్ రాజ్యం జమాఖర్చులు చదివి వినిపిస్తే, సభ్యులు తమ ప్రాంతపు కష్టాలు విన్నవించుకునేవారు. ఓటు లేదు, బడ్జెట్‌ను ఆపే అధికారం లేదు. అడగడానికి హక్కు ఉంది, ఒప్పించుకోవడానికి లేదు. దీన్ని ఉత్తి అలంకారంగా తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను అలా అనుకోను. రాజ్యం లెక్కను దివానే స్వయంగా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ ముందు చదవడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. 1891లో సభ్యుల్ని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 1923లో సభకు చట్టబద్ధత దక్కింది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు విన్నపాల సభ చాలలేదు. ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది దొడ్డబళ్ళాపురానికి తూర్పున, నందికొండకు అవతల ఉన్న ముద్దేనహళ్ళిలో. చీఫ్ ఇంజనీరుగా ఉన్న రోజుల్లోనే ఆయన ప్రోద్బలంతో 1911 జూన్‌లో మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్స్ మొదలైంది. నాల్వడి కృష్ణరాజ ఒడయారు ప్రారంభించారు. అధికారులు, వ్యాపారులు, రైతులు, చదువుకున్నవాళ్ళు ఒకచోట కూర్చున్నారు. సభ ముగిసినా పని ముగియలేదు. వ్యవసాయానికి ఒకటి, పరిశ్రమలు వాణిజ్యానికి ఒకటి, విద్యకు ఒకటి చొప్పున మూడు కమిటీలు ఏడాది పొడుగునా నడిచాయి. వాటి కింద జిల్లా కమిటీలు, తాలూకా కమిటీలు కూడా ఏర్పడ్డాయి. ఫలానా పని ఎందాకా వచ్చిందని మళ్ళీ సమావేశంలో అడిగితే చెప్పాల్సినవాడు ఒకడుండేవాడు. ఆయన ఆశించినంతా జరగలేదు, కాగితాల మీద మిగిలిపోయినవీ ఉన్నాయి. కానీ 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టుకొచ్చాయి. మూడింటి వెనకా ఆ చర్చలున్నాయి. బ్యాంకు, భాష, చదువు ఒకే సభ నుంచి కదలడం ఇప్పటి సదస్సులు చూసేవాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు.

శాస్త్రజ్ఞుల సభల దారి వేరు. భారత సైన్సు కాంగ్రెస్ 1914 జనవరిలో కలకత్తాలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన మొదలైంది. నూటయిదుగురు వచ్చారు, 35 పత్రాలు చదివారు. మూడేళ్ళకు, 1917లో, నాలుగో సమావేశం బెంగళూరులో జరిగింది. అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ బోర్న్, అప్పటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. అక్కడ పత్రం చదివినవాడు దివాన్‌కు కాదు, తన శాఖలోని తోటివాళ్ళకు జవాబు చెప్పాలి. రసాయనశాస్త్రం వాడిని రసాయనశాస్త్రం వాడే నిలదీస్తాడు. పదవి అక్కడ అక్కరకు రాదు.

ఇవేవీ కాని సభ ఇంకొకటి ఉంది: ఒక్క మనిషి మాట్లాడితే మిగతావాళ్ళు వినేది. 1928 మార్చి 16న సి.వి. రామన్ బెంగళూరులో దక్షిణ భారత సైన్సు సంఘం సభలో ప్రసంగించారు. అంతకు పదిహేడు రోజుల ముందే, ఫిబ్రవరి 28న, కలకత్తాలో కాంతి పరిక్షేపణలో కొత్త గీతలు కనిపించాయి. తమ ప్రయోగశాలలో చూసినదాన్ని రామన్ ఆ సాయంత్రం శ్రోతల ముందు పూర్తిగా విప్పి చెప్పారు. అంత కొత్త సంగతిని పరికరం లేకుండా, కూర్చున్నచోటు నుంచి నిలదీయడం ఎవరి తరం? అందుకే ఆయన మాటను జాగ్రత్తగా అచ్చువేసి, ప్రతులను దేశదేశాల శాస్త్రజ్ఞులకు పంపారు. తిరుగు జవాబు ప్రయోగశాలల నుంచి వచ్చింది. జర్మనీలో పీటర్ ప్రింగ్స్‌హైమ్ అదే ప్రయోగం మళ్ళీ చేసి చూశాడు. రామన్ చెప్పింది నిజమేనని తేల్చాడు. దానికి ‘రామన్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టింది కూడా ఆయనే.